దూరం పట్‌లకు ఎంత బరువు డిస్క్? 165, 170, 175 గ్రాముల మధ్య ఎంపిక

డిస్క్‌ను చెయిన్లు వేలాడే ఇనుప బాస్కెట్‌లోకి విసిరే ఆట డిస్క్ గోల్ఫ్. అందులో పట్‌కు, అంటే డిస్క్‌ను బాస్కెట్‌లో వేయడానికి చేసే చివరి విసురుకు, వాడే డిస్క్‌ను పటర్ అంటారు. ఏ మోడల్ పటర్ కొనాలా అని వారాల తరబడి ఆలోచించేవాళ్లు కూడా బరువు దగ్గరికొచ్చేసరికి చేతికి దొరికింది తీసేసుకుంటారు. ఐదారు మీటర్ల పట్‌లు వేసేంతవరకూ దానివల్ల పెద్ద నష్టం లేదు. 10 మీటర్లు దాటాకే అసలు సంగతి బయటపడుతుంది. అక్కడ 165 గ్రాముల డిస్క్‌కీ 175 గ్రాముల డిస్క్‌కీ ఉన్న తేడా చేతికి తెలుస్తుంది, కాస్త ఆలస్యంగా స్కోర్‌కార్డులోనూ కనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దూరం పట్‌కు బరువు ఎంచుకునేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న "ఏది తేలిగ్గా బాస్కెట్ దాకా పోతుంది?" అని. నేనైతే "పడకపోతే ఏది ఎక్కడ ఆగుతుంది?" అని అడుగుతాను. ఎందుకంటే ఆ దూరం నుంచి వేసినవాటిలో ఎక్కువ భాగం పడవు. 10 నుంచి 20 మీటర్ల మధ్య, అంటే సర్కిల్ 2లో, టాప్ ప్రొఫెషనల్స్‌కే మూడింట ఒకటి పడితే చాలా బాగా ఆడుతున్నట్టు లెక్క. వారాంతంలో ఆడుకునే మనకు అంతకన్నా బాగా తక్కువే పడతాయి. అలాంటప్పుడు పడని వాటి సంగతే ముందు చూసుకోవాలి. తప్పిన డిస్క్ బాస్కెట్ పక్కనే 3 మీటర్లలో పడితే తర్వాతి పట్ గురించి బెంగ లేదు. అదే గాల్లో తేలుతూ 9 మీటర్లు దాటిపోతే టెన్షన్ అంతా ఆ తిరుగు పట్ మీదే.

ఈ లెక్కన చూస్తే ఎక్కువమందికి 170 నుంచి 175 గ్రాముల మధ్య డిస్క్ సరిపోతుంది. 165, అంతకన్నా తక్కువ కొందరికి నిజంగానే మేలు చేస్తుంది. ఆ కొందరు ఎవరు, ఎందుకు అనేది కింద చెబుతాను.

పైహద్దు ఎక్కడుంది

175 అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) సాంకేతిక ప్రమాణాల ప్రకారం డిస్క్ బరువు దాని వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకూ 8.3 గ్రాములు దాటకూడదు. డిస్క్ ఎంత పెద్దదైనా 200 గ్రాములు మించకూడదు. మామూలు పటర్ వ్యాసం 21 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. 21 ఇంటూ 8.3 అంటే 174.3. వ్యాసం 21.2 ఉంటే దాదాపు 176. అందుకే పటర్లలో బరువైనవి 173 నుంచి 176 మధ్య ఆగిపోతాయి. ఎవరైనా 180 గ్రాముల పటర్ అంటే అది వ్యాసం ఎక్కువున్న డిస్క్ అయినా కావాలి, లేదా నియమాలకు సరిపోనిదైనా కావాలి.

కిందివైపు ఇలాంటి హద్దు లేదు. 150 గ్రాముల పటర్లూ దొరుకుతాయి.

ఇంకో సంగతి. తేలికైన డిస్క్ కొని, తర్వాత అడుగున టేపు అంటించి బరువు పెంచుకుందామంటే కుదరదు. చేతికి తగిలేంత మందం ఉన్న పదార్థమేదీ డిస్క్‌కు చేర్చకూడదని నియమం. కాబట్టి కొనేటప్పుడే తేల్చుకోవాలి.

డిస్క్ అడుగున మార్కర్‌తో రాసిన అంకెనూ, స్టిక్కర్ మీద అంకెనూ మరీ గట్టిగా నమ్మొద్దు. ఒకటి రెండు గ్రాముల తేడా మామూలే. కొన్ని కంపెనీలు "173 నుంచి 175" అని ఒక శ్రేణి మాత్రమే రాస్తాయి. ఇంట్లో వంటకు వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి చూస్తే చాలు. ఒకే జత అనుకున్న రెండు డిస్కులు 171, 175గా తేలడం ఈ ఆట ఆడేవాళ్లకు కొత్తేం కాదు.

10 గ్రాములు తగ్గితే నిజంగా మారేదేమిటి

తేలిక డిస్క్‌ను ఇంకా వేగంగా విసరగలం కాబట్టి అది దూరం పోతుందని చాలామంది అనుకుంటారు. ఇందులో నిజం చాలా కొంచెమే. పట్ వేసేటప్పుడు మీరు కదిలిస్తున్నది డిస్క్ ఒక్కదాన్నే కాదు. భుజం నుంచి వేళ్ల దాకా మొత్తం చెయ్యి కదులుతుంది, దాని బరువు కిలోల్లో ఉంటుంది. అందులో 10 గ్రాములు తగ్గితే చేతివేగం చెప్పుకోదగ్గంత పెరగదు.

మరి తేలిక డిస్క్ సులువుగా చేరుతుందని అనిపించడం భ్రమా? కాదు. దానికి కారణం గాలి ఇచ్చే లిఫ్ట్, అంటే డిస్క్‌ను పైకి ఎత్తిపట్టే బలం. దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. 15 మీటర్ల పట్‌ను సెకనుకు 10 మీటర్ల వేగంతో వదిలారనుకోండి. డిస్క్ ఒకటిన్నర సెకను గాల్లో ఉంటుంది. లిఫ్ట్ ఏమీ లేకపోతే ఆ ఒకటిన్నర సెకనులో గురుత్వాకర్షణ దాన్ని 11 మీటర్లు కిందికి లాగేస్తుంది. నిజంగా అంత పడదు కదా, ఎందుకంటే బరువులో ఎక్కువ భాగాన్ని లిఫ్టే మోస్తోంది. ముప్పావు వంతు మోస్తోందనుకుందాం. అంటే దాదాపు 8 మీటర్ల పతనాన్ని గాలి ఆపుతోంది. ఇప్పుడు అదే ఆకారం, అదే వేగం ఉంచి, బరువు మాత్రం 175 నుంచి 165కి తగ్గించండి. బరువుతో పోలిస్తే లిఫ్ట్ 6 శాతం పెరుగుతుంది. 8 మీటర్లలో 6 శాతం అంటే సుమారు అర మీటరు.

గాలి నిరోధాన్నీ, డిస్క్ కోణాన్నీ పక్కన పెట్టిన మోటు లెక్క ఇది. అయినా ఏ పాటి తేడా గురించి మాట్లాడుకుంటున్నామో దీనితో తెలుస్తుంది. బాస్కెట్‌లో చెయిన్లు కనిపించే ఎత్తు కూడా సుమారు అర మీటరే. అంటే ఒకే చేయి, ఒకే గురి, ఒకే ఊపుతో 175 డిస్క్ చెయిన్ల అడుగుభాగానికి తగిలే చోట, 165 డిస్క్ చెయిన్లకు పైన ఉన్న పట్టీకి, అంటే బ్యాండ్‌కు, తగలొచ్చు. 5 గ్రాముల తేడా అయితే జానెడు. ఒక్క గ్రాము తేడా అయితే నాలుగైదు సెంటీమీటర్లు, అది మీ చేతిలో సహజంగా ఉండే అటూఇటూలోనే కలిసిపోతుంది. అందుకే 173 మంచిదా 174 మంచిదా అనే చర్చ నాకు కాలక్షేపంలా అనిపిస్తుంది. మూడు గ్రాముల లోపు తేడాను పట్టించుకోనక్కర్లేదు. ఐదు దాటితే పట్టించుకోవాలి.

తేలిక డిస్క్ మీకిచ్చే లాభమంతా ఆ 6 శాతంలోనే ఉంది. నష్టం కూడా అక్కడి నుంచే వస్తుంది. గాలి దాన్ని బాస్కెట్ దాకా ఎంత సులువుగా మోస్తుందో, బాస్కెట్ దాటించి అంతే సులువుగా మోసుకుపోతుంది.

ఇక స్పిన్, అంటే డిస్క్ గాల్లో గిరగిరా తిరగడం సంగతి. ఆకారం ఒకటే అయితే బరువైన డిస్క్ అదే స్పిన్‌తో తన కోణాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది. తేలికది చిన్న గాలికే ఒరిగిపోతుంది. అయితే ఇక్కడ మొత్తం బరువుతో పాటు ఆ బరువు ఎక్కడుందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎంవీపీ, యాక్సియమ్ కంపెనీలు అంచు చుట్టూ వేరే ప్లాస్టిక్‌తో బరువైన రింగ్ పోస్తాయి. బరువు అంచుకు చేరినకొద్దీ స్పిన్ నిలకడ పెరుగుతుంది. యాక్సియమ్ ఎన్వీ అలాంటి పటరే. 2021లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, చివరి 18వ హోల్ మీద జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి నేరుగా బాస్కెట్‌లో వేసి, పాల్ మెక్‌బెత్‌తో ప్లేఆఫ్‌కు వెళ్లి గెలిచింది ఈ ఎన్వీతోనే. అది పట్ కాదు, పూర్తి స్థాయి త్రో. పటర్ అనేది దగ్గర వాటికే అనుకునేవాళ్లకు మాత్రం ఆ వీడియో చూపించొచ్చు.

గాలి ఉన్న రోజు

ఎంపికంతా ఇక్కడే తేలుతుంది కాబట్టి కాస్త ఎక్కువసేపు చెప్పుకుందాం.

లిఫ్ట్ అనేది గాలితో పోలిస్తే డిస్క్‌కు ఉన్న వేగం మీద, ఆ వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. మీ పట్ వేగం సెకనుకు 10 మీటర్లు, ఎదురుగాలి 4 మీటర్లు అనుకోండి. డిస్క్‌కు తగిలే గాలి వేగం 14. లిఫ్ట్ 1.4 ఇంటూ 1.4, అంటే దాదాపు రెండింతలు. అదే గాలి వెనక నుంచి వస్తే డిస్క్‌కు తగిలేది 6 మాత్రమే. లిఫ్ట్ 0.36 వంతుకు పడిపోతుంది, అంటే మూడోవంతుకు కొంచెం పైన. సెకనుకు 4 మీటర్లంటే పెద్ద గాలేం కాదు, ఆకులూ చిన్న కొమ్మలూ ఆగకుండా కదిలే పాటి గాలి.

ఎదురుగాలిలో 165 గ్రాముల డిస్క్‌తో 15 మీటర్ల పట్ ఎలా పాడవుతుందో దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. చేతి నుంచి బాగానే బయల్దేరుతుంది, గురి కూడా సరిగ్గానే ఉంటుంది. సగం దూరం దాకా తేడా ఏమీ కనిపించదు. అక్కడ ముందు అంచు వేలెడంత పైకి లేస్తుంది. లేచిన అంచు కింద గాలి దూరుతుంది, దాంతో ఇంకొంచెం లేస్తుంది. బాస్కెట్ దగ్గరికి వచ్చేసరికి డిస్క్ అడుగుభాగం మొత్తం మీకు కనిపిస్తూ ఉంటుంది. బ్యాండ్ మీదుగా వెళ్లి, వేగం చచ్చి, ఒక్క క్షణం అక్కడే ఆగి, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఛాతీ మీదుగా తెచ్చి బయటికి విసిరే తీరు) వేసినవాళ్లకైతే ఎడమవైపుకు జారుతూ ఎక్కడో పడుతుంది. అంచు మీద పడితే దొర్లడం అదనం. 175 డిస్క్‌కు ఇదేమీ జరగదని కాదు. లేచే ఎత్తు తక్కువ, లేవడం మొదలయ్యేది ఆలస్యంగా. చాలాసార్లు ఆ ఆలస్యంలోనే అది చెయిన్లకు చేరిపోతుంది.

వెనక గాలిలో కథ తిరగబడుతుంది. లిఫ్ట్ దొరక్క డిస్క్ రాయిలా కిందికి పోతుంది. బరువైన డిస్క్ బాస్కెట్ ముందే నేలను తాకడమో, గిన్నె అంచుకు కొట్టుకోవడమో జరుగుతుంది. తేలిక డిస్క్ నిజంగా పనికొచ్చే గాలి ఇదొక్కటే. కానీ వెనక గాలికి విరుగుడు మీ చేతిలోనే ఉంది. రెండు జానలు ఎత్తుగా గురిపెట్టి, ముందు అంచు కాస్త పైకి ఉంచి వేస్తే సరిపోతుంది. పైగా పొట్టిగా పడ్డ డిస్క్ బాస్కెట్ ముందే ఉంటుంది, తిరుగు పట్ చిన్నదే. ఎదురుగాలిలో ఎగిరిపోయిన డిస్క్‌కు ఇలాంటి సులువైన విరుగుడు లేదు. అందుకే రెండింటిలో ఒకదానికే సిద్ధపడాలంటే ఎదురుగాలికే సిద్ధపడమంటాను, అంటే బరువుకే ఓటు.

పక్కగాలిలో బరువుతో పాటు కోణమూ చూడాలి. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ పట్‌లు ఎక్కువగా కొంచెం హైజర్ కోణంతో, ఎడమ అంచు కిందికి ఉండేలా పోతాయి. కుడి నుంచి వచ్చే గాలి డిస్క్ అడుగుకు తగిలి పైకి లేపి ఎడమకు తోస్తుంది. ఎడమ నుంచి వచ్చేది పైభాగానికి తగిలి కిందికి నొక్కుతుంది. 165 డిస్క్‌తో ఈ రెండు గాలుల్లో గురి ఎంత మార్చుకోవాలో అంచనా వేయడం కష్టం. 175తో కూడా కష్టమే గానీ తప్పు పరిధి తగ్గుతుంది.

మీ పట్ తీరును బట్టి

స్పిన్ పట్ వేసేవాళ్లు మణికట్టు విదిలింపుతో డిస్క్‌ను చదునుగా, వేగంగా పంపుతారు. వీళ్లకు దూరం సమస్య అరుదు. 18 మీటర్ల దాకా కూడా ఊపు కొంచెం పెంచితే చాలు. వీళ్లు 173 నుంచి 175 తీసుకుంటే చదునైన గీత గాలిలో కూడా నిలుస్తుంది, చెయిన్లలోకి లోతుగా దిగుతుంది. తేలిక డిస్క్‌ను ఇంత వేగంగా, చదునుగా కొడితే చెయిన్లకు తగిలి బయటికి దూకే ప్రమాదం ఎక్కువని నా అనుభవం. అయితే బరువైన డిస్క్ చెయిన్లను చీల్చుకుని అటువైపు నుంచి బయటికి పోవడం కూడా ఉంది, ముఖ్యంగా నడిమి స్తంభానికి (పోల్‌కు) దూరంగా, చెయిన్లు పలచగా ఉన్న పక్కన తగిలితే. ఏ బరువూ దీనికి పూర్తి మందు కాదు.

పుష్ పట్ వాళ్ల సంగతి వేరు. కాళ్ల నుంచి, భుజం నుంచి బలం తెచ్చి, మణికట్టును పెద్దగా వాడకుండా డిస్క్‌ను ఎత్తుగా పంపుతారు, అది బాస్కెట్ మీదికి వాలుతూ దిగుతుంది. తప్పినా బాస్కెట్ పక్కనే పడటం ఈ పద్ధతికున్న పెద్ద సుగుణం. చిక్కల్లా 12, 13 మీటర్లు దాటాక బలం చాలకపోవడమే. తేలిక డిస్క్ వైపు చూడాలనిపించేది వీళ్లకే, 165 నుంచి 168 మధ్య డిస్క్ వీళ్లకు నిజంగానే కొన్ని మీటర్ల హాయినిస్తుంది. కానీ స్పిన్ తక్కువ, ఎత్తు ఎక్కువ, వేగం తక్కువ, పైగా బరువూ తక్కువ అంటే గాలి ఆడించే బొమ్మ అయిపోతుంది. మీరు ఆడే కోర్స్ చెట్ల మధ్య ఉండి గాలి పెద్దగా లేకపోతే సంతోషంగా తీసుకోండి. మైదానంలో ఆడేవాళ్లయితే బరువు తగ్గించే బదులు దూరం పట్‌లకు కొంచెం మణికట్టు కలపడం నేర్చుకోవడమే మేలు. చాలామంది ఆఖరికి అటు పుష్, ఇటు స్పిన్ కలిసిన మధ్యే పద్ధతికి చేరేది అందుకే.

ఇంకో దారి కూడా ఉంది. 10 మీటర్ల లోపల పట్ వేశాక బ్యాలెన్స్ నిలబెట్టుకుని చూపించకుండా మార్కర్ (డిస్క్ ఆగిన చోట పెట్టే గుర్తు) దాటి ముందుకు అడుగు వేయకూడదు. 10 మీటర్లు దాటితే ఆ షరతు లేదు. జంప్ పట్ (ఎగురుతూ వేసేది), స్టెప్ పట్ (అడుగు వేస్తూ వేసేది) రెండూ వేయొచ్చు, డిస్క్ చేతి నుంచి వదిలే క్షణానికి శరీరంలో ఏదో ఒక భాగం మార్కర్ వెనకున్న లై (నిలబడి విసరాల్సిన చోటు) మీద నేలను తాకి ఉంటే చాలు. ఆ లై 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న చిన్న దీర్ఘచతురస్రం. మామూలుగా నిలబడి 13 మీటర్లు వేసేవాళ్లు జంప్ పట్‌తో అదే 175 డిస్క్‌ను 17, 18 మీటర్లకు హాయిగా చేర్చగలరు. బలం కోసం బరువు తగ్గించుకుందామనుకునేవాళ్లు ముందు దీన్ని ప్రయత్నించి చూడాలి. డిస్క్ మార్చడం సులువే, కానీ కాళ్లు ఇచ్చే బలం ముందు ఆ 10 గ్రాములు ఏపాటి?

పిల్లలు, కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లు, భుజం గానీ మోచెయ్యి గానీ నొప్పి ఉన్నవాళ్ల విషయంలో ఇన్ని వాదనలు అనవసరం. 150 నుంచి 165 మధ్య ఏది హాయిగా ఉంటే అది వాడాలి. చెయ్యి బాగుంటేనే కదా గాలి గురించి ఆలోచించేది.

బరువు కన్నా ముందు చూడాల్సినవి

"నా పట్‌లు పొట్టిగా పడుతున్నాయి, తేలిక డిస్క్ కొననా?" అని ఎవరైనా అడిగితే ముందు వాళ్ల డిస్క్ గ్లైడ్, అంటే గాల్లో తేలే గుణం, ఎంతో అడుగుతాను. డిస్క్ ఎలా ఎగురుతుందో చెబుతూ తయారీదారులు ఇచ్చే నాలుగు ఫ్లైట్ నంబర్లలో రెండోది గ్లైడ్. ఇన్నోవా ఏవియార్‌కు అది 3, డైనమిక్ డిస్క్స్ జడ్జ్‌కు 4, కాస్టాప్లాస్ట్ బెర్గ్‌కు 1. బెర్గ్‌తో 15 మీటర్ల పట్‌లు పొట్టిగా పడుతున్నాయంటే అందులో వింతేముంది, అది తేలకుండా ఉండటానికే తయారైన డిస్క్. 175 బెర్గ్ నుంచి 165 బెర్గ్‌కు మారడం కన్నా అదే 175లో గ్లైడ్ ఎక్కువున్న మోడల్ తీసుకుంటే తేడా బాగా తెలుస్తుంది. అలాగే మీ డిస్క్ ప్రతిసారీ తేలిపోతూ బాస్కెట్ దాటుతుంటే, ఇప్పటికే 175 వాడుతుంటే, ఇక బరువు పెంచడానికి చోటు లేదు. అప్పుడు తక్కువ గ్లైడ్ ఉన్న డిస్క్‌కో, ఫేడ్ (చివర్లో పక్కకు వంగి దిగే గుణం) ఎక్కువున్న డిస్క్‌కో పోవాలి. ఏవియార్ ఫేడ్ 1 అయితే డిస్‌క్రాఫ్ట్ లూనాకు 3, చివర్లో ఎడమకు గట్టిగా దిగుతుంది, దూరం పారిపోదు.

ఈ నంబర్లు సాధారణంగా బరువైన డిస్క్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవని గుర్తుంచుకోవాలి. అదే మోడల్ తేలిక డిస్క్ కాస్త ఎక్కువ తేలుతుంది, కాస్త తక్కువ నిలకడగా ఉంటుంది.

ప్లాస్టిక్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఒకే మోడల్‌లో 165నూ 175నూ పక్కపక్కన పెట్టి బొటనవేలితో నడిమి భాగాన్ని నొక్కి చూడండి. చాలాసార్లు తేలికది మెత్తగా లోపలికి పోతుంది, ఎందుకంటే ఆ భాగం పలచగా ఉంటుంది. పై గుమ్మటం ఎత్తు కూడా తేడాగా ఉండొచ్చు. అంటే మీరు బరువు ఒక్కటే మారుస్తున్నాననుకుంటారు గానీ పట్టూ, ఆకారమూ కూడా కొంచెం మారాయి. "165 నాకు పడలేదు" అనేవాళ్లలో కొందరికి పడనిది నిజానికి ఆ మెత్తదనం. పోల్చి చూడాలంటే ఒకే మోడల్, ఒకే ప్లాస్టిక్, వీలైతే ఒకే విడతలో వచ్చిన డిస్కులు తీసుకోవాలి. కొత్తదాన్నీ ఏడాది వాడి అంచులు గరుకెక్కినదాన్నీ పోల్చడం వల్ల ఏమీ తేలదు.

మీరే తేల్చుకునే పద్ధతి

ఎవరి సలహా అయినా, నాదైనా సరే, మీ చేతికి సరిపోతుందో లేదో మైదానంలోనే తెలుస్తుంది. స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్నా సరే, ఒకే మోడల్‌లో మూడు బరువులు సంపాదించండి: 165 దగ్గరిది ఒకటి, 170 దగ్గరిది ఒకటి, 175 ఒకటి. అడుగున రాసిన అంకె మీద కాగితం టేపు అంటించి, ఏది ఏదో చూడకుండా కలిపేయండి. ప్రాక్టీసే కదా, టేపు నియమం ఇక్కడ అడ్డు రాదు. నిజానికి చేతికి తీసుకోగానే తేలికది ఏదో కొంత తెలిసిపోతుంది, అయినా ముందే ఒకదాని మీద మనసు పడకుండా ఉండటానికి ఇది కాస్త ఉపయోగపడుతుంది.

12, 15, 18 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టుకోండి. ప్రతి డిస్క్‌కూ ప్రతి దూరంలోనూ మూడు అంకెలు రాసుకోండి: పడినవి ఎన్ని, బాస్కెట్ దాకా చేరనివి ఎన్ని, పడకుండా దాటిపోయినవి ఎన్ని మీటర్ల అవతల ఆగాయి. మూడోదే ముఖ్యం, దాన్నే ఎవరూ రాసుకోరు. పడినవి లెక్కపెట్టి సంబరపడితే మోసపోతాం. 20 పట్‌లలో ఒక డిస్క్‌తో 4 పడి ఇంకోదానితో 6 పడితే అది డిస్క్ గొప్పతనం అనడానికి లేదు, ఆ రోజు అదృష్టం కూడా కావచ్చు. కానీ ఒక డిస్క్ తప్పినప్పుడల్లా 4 మీటర్లలోపే ఆగుతూ, ఇంకోటి 7, 8 మీటర్లు పోతుంటే ఆ తేడా తొందరగానే బయటపడుతుంది, మారకుండా నిలుస్తుంది.

ఇదంతా గాలి లేని రోజు ఒకసారి, గాలి ఉన్న రోజు ఒకసారి చేయాలి. ఆట అయిపోయాక, చెయ్యి అలిసినప్పుడు ఇంకోసారి చేస్తే ఇంకా మంచిది. ఉదయం 175తో 15 మీటర్లు సులువుగా వేసిన చెయ్యి రెండో రౌండ్ చివర్లో 13 దగ్గరే ఆగిపోతే, మీకు కావలసింది 170 కావచ్చు. నా దృష్టిలో 170, 171 డిస్కులకు ఉన్న అసలు విలువ ఇదే. గాలిలో 175 అంత మొండిగా ఉండవు, అలిసిన చేతికి అంత భారమూ కావు. రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్లు 170 తీసుకుని పట్‌ల మీద దృష్టి పెట్టడం మంచిది.

సంచిలో రెండు బరువులు పెట్టుకోవచ్చా

దగ్గరి పట్‌లకు 175, దూరం వాటికి 165 అని విడివిడిగా పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వినడానికి తెలివైన పనిలాగే ఉంటుంది. నాకు నచ్చదు. పట్ వేసే చెయ్యి అలవాటు మీద నడుస్తుంది. 9 మీటర్ల దగ్గర ఒక డిస్క్, 11 మీటర్ల దగ్గర ఇంకో డిస్క్ అంటే ఆ రెండు దూరాల మధ్య గీత దగ్గర నిలబడిన ప్రతిసారీ ఏది తీయాలా అని ఒక ఆలోచన అదనంగా వచ్చి చేరుతుంది. అర మీటరు ఎత్తు తేడా చూపించే డిస్కులను మార్చిమార్చి వాడుతూ గురి కుదరాలంటే చాలా సాధన చేయాలి. అంత సాధన ఒకే బరువు మీద చేస్తే ఫలితం ఇంకా బాగుంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఇస్తాను. గాలి బాగా ఉండే చోట్ల ఆడేవాళ్లు, మామూలుగా 168, 170 వాడుతుంటే, అదే మోడల్‌లో 175 ఒకటి గాలి రోజుల కోసం సంచిలో ఉంచుకోవచ్చు. అయితే అది ఆ రోజంతా వాడాలి, దగ్గరివాటికీ దూరం వాటికీ అదే. హోల్‌కొకటి మార్చడం మొదలుపెడితే మళ్లీ పాత కథే.

ఇక మీ బరువు తేలిపోయాక అదే మోడల్, అదే ప్లాస్టిక్, అదే బరువులో ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టుకోండి. పటర్ నీళ్లలో పడి పోయేది సరిగ్గా ఇలాంటి దూరం పట్ దాటిపోయినప్పుడే. రెండోది కొన్న రోజే త్రాసు మీద పెట్టి చూడండి. మూడు గ్రాములకు మించి తేడా ఉంటే దాన్ని ప్రాక్టీసుకో, స్నేహితుడికో ఇచ్చేసి, సరైనది వెతుక్కోవడమే నయం.